చలి రాత్రుల్లో పట్టుపురుగుల షెడ్డుకు డీజిల్ వేడిగాలి: కొత్తగా మొదలుపెట్టే రైతులకు అంచెలంచెలుగా

కోలారు జిల్లా బంగారుపేట చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంటుంది. మార్గశిరం వచ్చిందంటే పగలు ఎండ బాగానే కాస్తుంది, తెల్లవారుజామున మాత్రం ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు అటూ ఇటూ దిగిపోతుంది. మనం దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. పట్టుపురుగుకు ఆ దారి లేదు. దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. గది ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే. 20 డిగ్రీల కిందికి దిగితే మేత తగ్గిస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది, జ్వరాలు (పొర విడిచే నిద్రలు) అన్నిటికీ ఒకేసారి రావు, పంట రోజులు సాగిపోతాయి. చలికి తేమ కూడా తోడైతే సున్నపుకట్టు రోగం పొంచి ఉంటుంది.

అందుకే కోలారు జిల్లా రైతులు చలికాలంలో షెడ్డులో ఏదో ఒక వేడి పెడతారు. చాలామందికి తెలిసినది బొగ్గుల కుంపటి. కరెంటు నమ్మకంగా ఉన్నచోట హీటరు. ఈ రెండూ కుదరని రైతుకు మూడో దారి ఒకటుంది. పడవల గదులను, లారీ క్యాబిన్లను వెచ్చబరచడానికి తయారైన డీజిల్ వేడిగాలి మిషన్ అది. జర్మనీకి చెందిన వెబాస్టో, ఎబర్‌స్పాకర్ కంపెనీలు ఈ రకం మిషన్లకు పేరుమోసినవి. చలిదేశాల్లో పడవ మీద రాత్రి గడిపే మనిషికి కావలసింది, మన పురుగుకు కావలసింది ఒకటే: వేడి లోపలికి రావాలి, పొగ లోపలికి రాకూడదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

కుంపటికీ దీనికీ తేడా ఏమిటి?

కుంపటి గదిలోని గాలినే పీల్చి మండుతుంది, మండిన గాలిని మళ్లీ గదిలోకే వదులుతుంది. తలుపులు మూసిన షెడ్డులో కాసేపటికి ప్రాణవాయువు తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. పురుగుకూ చెరుపే, మనిషికి ప్రాణాంతకం. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవని వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం.

డీజిల్ వేడిగాలి మిషన్‌లో రెండు గాలులు ఉంటాయి, అవి ఎక్కడా కలవవు. మొదటిది మంట గాలి. అది బయటినుంచి సన్న గొట్టం ద్వారా మంట గదిలోకి వెళ్లి, డీజిల్‌ను మండించి, పొగగా మరో ఇనుప గొట్టం గుండా బయటికే పోతుంది. రెండోది గది గాలి. ఫ్యాను దాన్ని లాగి, మంట గదిని చుట్టి ఉన్న అల్యూమినియం రెక్కల మీదుగా నెట్టి, వేడెక్కించి తిరిగి షెడ్డులోకి పంపుతుంది. వేడి లోహం గోడ దాటి వస్తుంది, పొగ రాదు.

ఏ సైజు మిషన్ కావాలి?

20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది తీసుకుందాం. ఇటుక గోడలు, కాంక్రీటు మిద్దె. బయటికంటే లోపల 10 డిగ్రీలు ఎక్కువ ఉంచాలంటే సుమారు రెండున్నర కిలోవాట్ల వేడి నిరంతరం కావాలి. పైన రేకులైతే మూడున్నర దాకా పోతుంది. కాబట్టి ఇంత గదికి 5 కిలోవాట్ల మిషన్ చాలు, మధ్యస్థంగా తిప్పుకోవచ్చు. చాకీ పురుగులకు (మొదటి రెండు దశల చిన్న పురుగులకు) వేరుగా కట్టిన చిన్న గదికి 2 కిలోవాట్లది సరిపోతుంది.

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. మిషన్‌లో కొంత పొగతో పోగా 8 యూనిట్లంత వేడి చేతికి వస్తుంది. మూడు కిలోవాట్ల వేడి రాత్రంతా, అంటే 10 గంటలు ఇస్తే మూడున్నర నుంచి నాలుగు లీటర్ల డీజిల్ ఖర్చు. అదే వేడి కరెంటు హీటరుతో అయితే 30 యూనిట్లు. మీ ఊరి డీజిల్ ధరతో, మీ కరెంటు బిల్లుతో ఈ రెండంకెలను గుణించి చూసుకున్నాకే కొనండి. రాత్రంతా కరెంటు నమ్మకంగా ఉంటే, థర్మోస్టాట్ ఉన్న కరెంటు హీటరే కొత్తవారికి సులువు. కరెంటు పోయే పల్లెలో, తోటలో ఒంటరిగా ఉన్న షెడ్డులో డీజిల్ మిషన్ అక్కరకొస్తుంది. దీని ఫ్యానుకూ పంపుకూ 12 వోల్టుల బ్యాటరీ చాలు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

థర్మోస్టాట్ ఉన్న వేడిగాలి మిషన్. దానితో వచ్చే పొగ గొట్టం, మంట గాలి గొట్టం, వేడిగాలి పైపు. పూర్తి చార్జింగ్‌తో 12 వోల్టుల బ్యాటరీ, దానికొక చార్జర్. మూత ఉన్న డీజిల్ ట్యాంకు, ఫిల్టరు. తడి-పొడి థర్మామీటర్లు రెండు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి. మంటలార్పే పొడి సిలిండరు ఒకటి, రెండు బక్కెట్ల ఇసుక. అలారం కొనకుండా మిషన్ కొనకండి.

మొదటి మెట్టు: గదిని సిద్ధం చేయడం

వేడి మొదట పోయేది కప్పునుంచే. రేకుల షెడ్డయితే లోపల గోనెపట్టాలతో గానీ వెదురు తడికెతో గానీ అటక కట్టండి. ఆ ఒక్క పనితోనే డీజిల్ ఖర్చు బాగా తగ్గుతుంది. తలుపు సందులు, కిటికీ పగుళ్లు మూయండి. కానీ ఎదురెదురు గోడల్లో, ఒకటి నేలకు దగ్గరగా, ఒకటి కప్పుకు దగ్గరగా, తెరిచి మూసుకునే వీలున్న రెండు గవాక్షాలు మాత్రం తప్పనిసరిగా ఉంచండి. ఊజీ ఈగ రాకుండా వాటికి వల బిగించండి.

పురుగులు చిన్నగా ఉన్నప్పుడు షెడ్డంతా వేడిచేయడం దండగ. 100 డీఎఫ్ఎల్ (రోగరహిత గుడ్ల మోతాదు) చాకీ పురుగులు పట్టే చోటు కొంచెమే. గదిలో ఒక మూల తెర కట్టి ఆ భాగాన్నే వెచ్చబరచండి. ప్లాస్టిక్ తెర వాడితే వేడిగాలి పైపు నోటికి కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి.

రెండో మెట్టు: మిషన్‌ను నిలపడం

మిషన్‌ను షెడ్డు లోపల పెట్టకండి. బయట గోడకు ఆనించి, వాన పడకుండా చిన్న పంచ దించి, దాని కింద ఇటుకల దిమ్మె మీద బిగించండి. గోడకు రెండు రంధ్రాలు కావాలి. ఒకటి గదిలోని గాలిని మిషన్‌కు తెచ్చేది, రెండోది వేడిగాలిని గదిలోకి పంపేది. లాగే రంధ్రానికి ఆకు ముక్కలు పోకుండా సన్న జాలీ పెట్టండి. వేడిగాలి పైపు నోరు నేలకు అడుగున్నర ఎత్తులో, స్టాండ్ల మధ్య నడవవైపు తిరిగి ఉండాలి. తట్టల మీదికి నేరుగా వీచకూడదు. వీస్తే ఆ పక్క ఆకు గంటలో వాడిపోతుంది.

పొగ గొట్టం విషయంలో తొందర పనికిరాదు. మిషన్ దగ్గర అది చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. కట్టెలు, కొబ్బరాకులు, ప్లాస్టిక్ దానికి అడుగున్నర దూరంలోపు ఉండకూడదు. గొట్టం చివర కొంచెం కిందికి వాలి ఉండాలి, అప్పుడే లోపల చేరిన నీరు కారిపోతుంది. ఆ చివర కిటికీవైపు, గవాక్షంవైపు, ఆకు నిల్వచేసే గదివైపు తిరగకూడదు. మంట గాలి పీల్చే గొట్టం నోరు పొగ వచ్చే నోటికి దూరంగా ఉండాలి, లేకుంటే మిషన్ తన పొగను తానే పీలుస్తుంది.

ఈ మిషన్లు సాధారణంగా 1500 మీటర్ల ఎత్తు వరకు ఏ మార్పూ లేకుండా పనిచేస్తాయి. మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఏమీ సర్దనక్కర్లేదు.

మూడో మెట్టు: డీజిల్, బ్యాటరీ

ట్యాంకు కూడా బయటే, పొగ గొట్టానికి దూరంగా. డీజిల్ బంకునుంచి తెచ్చిన శుభ్రమైనదే వాడండి. ట్రాక్టరు నుంచి తీసిన పాత డీజిల్, కిరోసిన్ కలిపినది, నీరు చేరినది వద్దు. పెట్రోలు చుక్క కూడా కలవకూడదు. మిషన్ నడుస్తుండగా ట్యాంకు నింపకండి.

బ్యాటరీ తీగలు మందంగా, పొట్టిగా ఉండాలి. మిషన్ మొదలైన కొద్ది నిమిషాలు లోపలి గ్లో ప్లగ్ ఎర్రబడడానికి 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. తీగ సన్నమైతే అక్కడే వోల్టేజి పడిపోయి మిషన్ అంటుకోదు. కొత్తవారు ‘మిషన్ పాడైంది’ అనుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం నీరసించిన బ్యాటరీయే.

నాలుగో మెట్టు: పురుగులు రాకముందే పరీక్ష

కొత్త మిషన్ మొదటిసారి వేడెక్కినప్పుడు లోపలి నూనె, రంగు కాలి వాసన వస్తుంది. ఆ వాసన పురుగుకు పడదు. అందుకే షెడ్డు కడిగి, మందు కొట్టి శుద్ధిచేసిన తర్వాత, పురుగులు తేవడానికి రెండు మూడు రోజుల ముందే ఖాళీ గదిలో, కిటికీలు తెరిచి, మిషన్‌ను గంటసేపు పూర్తి వేగంతో నడపండి. తర్వాత ఒక రాత్రంతా తలుపులు మూసి నడిపి, పొద్దుగూకాక, అర్ధరాత్రి, తెల్లవారుజామున ఉష్ణోగ్రత రాసుకోండి. ఒక థర్మామీటరు మిషన్ వైపు, ఇంకొకటి దూరపు మూలన, రెండూ తట్టల ఎత్తులో వేలాడదీయండి. రెండింటికీ రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే వేడిగాలి పైపు దిశ మార్చండి, లేదా చిన్న ఫ్యానుతో గాలి నెమ్మదిగా తిరిగేలా చేయండి.

ఐదో మెట్టు: వెలిగించడం, ఆర్పడం

స్విచ్ వేయగానే ముందు ఫ్యాను తిరుగుతుంది, గ్లో ప్లగ్ వేడెక్కుతుంది. తర్వాత డీజిల్ పంపు టిక్ టిక్‌మంటూ కొట్టుకోవడం వినిపిస్తుంది. రెండు నుంచి నాలుగు నిమిషాల్లో మంట పట్టుకుంటుంది. మొదట్లో కాస్త తెల్లపొగ రావడం మామూలే. మంట నిలిచాక పొగ కంటికి కనబడకూడదు. తెల్లపొగ ఆగకపోయినా, నల్లపొగ వచ్చినా ఆపేయండి. రెండుసార్లు ప్రయత్నించినా అంటుకోకపోతే మూడోసారి వెంటనే వేయవద్దు. మంట గదిలో మండని డీజిల్ చేరి ఉంటుంది. కాసేపు ఆగి, బ్యాటరీ, డీజిల్ గొట్టంలో గాలి బుడగలు చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

ఆర్పేటప్పుడు స్విచ్ మాత్రమే తీయండి. మంట ఆరాక కూడా ఫ్యాను కొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడిని చల్లారుస్తుంది. అది తనంతట తాను ఆగేదాకా బ్యాటరీ తీగ ముట్టుకోవద్దు. మధ్యలో తీగ లాగేస్తే లోపలి వేడికి మిషన్ భాగాలు కాలిపోతాయి.

ఆరో మెట్టు: ఏ దశకు ఎంత వేడి?

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటి రోజు పెట్టిన వేడినే చివరిదాకా ఉంచుతారు. పురుగు పెరిగేకొద్దీ దానికి వేడీ తేమా రెండూ తగ్గిస్తూ రావాలి. సీఎస్ఆర్2 × సీఎస్ఆర్4 వంటి బైవోల్టీన్ సంకరాలకు ఈ లెక్క పాటించండి:

- మొదటి దశ: 27–28 డిగ్రీలు, తేమ 85–90 శాతం
- రెండో దశ: 26–27 డిగ్రీలు, తేమ 85 శాతం
- మూడో దశ: 25–26 డిగ్రీలు, తేమ 80 శాతం
- నాలుగో దశ: 24–25 డిగ్రీలు, తేమ 70–75 శాతం
- ఐదో దశ: 23–24 డిగ్రీలు, తేమ 65–70 శాతం
- గూడు కట్టేటప్పుడు: 24–25 డిగ్రీలు, తేమ 60–65 శాతం

చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులు తెచ్చుకునేవారు మూడో దశనుంచి మొదలుపెడితే చాలు. తెచ్చే రోజు షెడ్డును ముందే 26 డిగ్రీలకు వేడిచేసి ఉంచండి. వెచ్చటి గదినుంచి వచ్చిన పురుగు చలిగదిలో పడితే మొదటి మేతే సరిగా తినదు.

పగలు ఎండ కాసినప్పుడు మిషన్ అక్కర్లేదు. సాయంత్రం గది ఆ దశకు కావలసిన వేడి కిందికి దిగకముందే థర్మోస్టాట్ పెట్టి వదిలేయండి. గది పూర్తిగా చల్లారాక ఒక్కసారిగా వేడిచేయడం పురుగుకూ మంచిది కాదు, డీజిల్‌కూ దండగే.

ఏడో మెట్టు: తేమను కాపాడుకోవడం

గాలిని వేడిచేస్తే అది ఎండిపోతుంది. బయట 15 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని తెచ్చి 26 డిగ్రీలకు వేడిచేస్తే, అదే గాలిలో తేమ దాదాపు 41 శాతానికి పడిపోతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, వేడిగాలికి పట్టే నీరు పెరిగింది. ఆ గాలి ఇక ఆకులోని నీటిని లాగుతుంది. వేసిన మేత పురుగు తినేలోపే వడలిపోతుంది. వేడి సరిగ్గా ఉన్నా పంట బాగా రాలేదంటే తరచూ కారణం ఇదే.

అందుకే వేడిగాలి పైపు ఎదుట, అడుగు దూరంలో, వెడల్పాటి నీళ్ల తట్ట ఉంచండి. గోనెపట్టాలు తడిపి నడవలో వేలాడదీయండి. చాకీ తట్టల కింద, పైన పారఫిన్ కాగితం పరచి, అంచుల వెంట తడి స్పాంజి పట్టీలు పెట్టండి. నాలుగు, ఐదు దశల్లో ఇవన్నీ తగ్గించేయండి. పెద్ద పురుగుల ఆకులోనూ మలంలోనూ నీరు ఇప్పటికే చాలా ఉంటుంది.

పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పద్ధతి మారుతుంది. పారఫిన్ కాగితం, తడి పట్టీలు తీసేయండి. పడక పొడిగా ఉండాలి, సున్నం పొడి చల్లండి. వేడి మాత్రం నిలకడగా ఉండాలి. ఆ సమయంలో గది ఎక్కి దిగితే కొన్ని ముందు లేస్తాయి, కొన్ని వెనకబడతాయి, తట్టంతా చిన్నా పెద్దా కలిసిపోతుంది.

ఎనిమిదో మెట్టు: గాలి ఆడించడం

పొగ లోపలికి రావడం లేదు కదా అని గవాక్షాలు మూసేయకండి. వేలాది పురుగులు ఊపిరి తీస్తాయి, పడకలో మలం పులిసి అమ్మోనియా వస్తుంది. ప్రతి మేతకు ముందు పదిహేను నిమిషాలు కిటికీలు తెరవండి. రాత్రిపూట కింది గవాక్షం, పై గవాక్షం వేలెడంత తెరిచే ఉంచండి. దానివల్ల పోయే వేడి తక్కువే. ముందు చెప్పిన గదిలో గంటకొకసారి గాలంతా మారినా, 10 డిగ్రీల తేడాకు మూడు వందల వాట్లు కూడా దాటదు. అసలు నష్టం కప్పుదీ గోడలదీ.

గాలి విలువ ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పక్కనే కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అడుగున బండరాయి 60 డిగ్రీలు దాటి కాగేది. పైనుంచి చల్లబరచిన గాలిని పంపబట్టే అక్కడ మనుషులు పనిచేయగలిగారు. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఆ గనుల్లో బంగారంతోపాటు గాలి లెక్కా నడిచింది. షెడ్డులోనూ వేడి లెక్కతో సమానంగా గాలి లెక్క వేయాలి.

గూడు కట్టే రోజుల్లో గాలి మరింత కావాలి. చంద్రికల (గూడు అల్లుకునే తడికెల) మీదికి ఎక్కిన పురుగు గూడు మొదలుపెట్టే ముందు ఒంట్లోని నీటిని వదిలేస్తుంది. ఆ తేమ బయటికి పోకపోతే గూడు పొర తడిసి, రీలింగులో దారం తెగుతూ ఉంటుంది. అప్పుడు కిటికీలు సగం తెరిచి, మిషన్‌ను నడుపుతూ ఉష్ణోగ్రత నిలబెట్టండి. డీజిల్ కొంచెం ఎక్కువే అవుతుంది. సంతలో గూటి ధర పలికేది దారం తీసే గుణాన్ని బట్టే కనుక ఆ ఖర్చుకు వెనకాడకండి.

తొమ్మిదో మెట్టు: శుభ్రత, సంరక్షణ

డీజిల్ ముట్టిన చేత్తో ఆకు ముట్టవద్దు. ముందు మేత వేసి, ఆ తర్వాతే మిషన్ పని చూడండి. తిరిగి షెడ్డులోకి వచ్చేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మిషన్ చూసేవారు, మేత వేసేవారు వేరైతే ఇంకా మంచిది.

మిషన్‌ను రోజుల తరబడి సన్నమంట మీదే నడిపితే లోపల మసి పేరుకుంటుంది. రోజుకొకసారి పావుగంట పూర్తి వేగంతో నడపండి. పంటకు పంటకు మధ్య ఫిల్టరు, పొగ గొట్టం బిగింపులు, జాలీ చూసుకోండి. ఎండాకాలంలో వాడకపోయినా నెలకొకసారి పది నిమిషాలు నడిపితే పంపు బిగుసుకోదు.

ప్రాణానికి సంబంధించిన నియమాలు

అలారాన్ని షెడ్డులో మనిషి పడుకునే ఎత్తులో పెట్టి, ప్రతి వారం బటన్ నొక్కి పరీక్షించండి. అది మోగితే పురుగుల సంగతి తర్వాత. ముందు అందరూ బయటికి రావాలి, తలుపులన్నీ తెరవాలి, మిషన్ ఆపాలి. అలారం మోగకపోయినా షెడ్డులో తలనొప్పి, వికారం, తలతిరుగుడు అనిపిస్తే అదే పని చేసి, ఆసుపత్రికి వెళ్లండి. చలి మరీ ఎక్కువగా ఉందని మిషన్‌కు తోడుగా లోపల కుంపటి పెట్టవద్దు. జనరేటరును షెడ్డులోపల గానీ, కిటికీ పక్కన గానీ నడపవద్దు. కుంపటి తప్ప గతిలేని రైతు నిప్పును బయటే బాగా రాజేసి, పొగంతా పోయాకే లోపల పెట్టి, గవాక్షాలు తెరిచి, అక్కడ నిద్రపోకుండా ఉండాలి.

కొనేముందు మీ తాలూకా పట్టు పరిశ్రమ శాఖ కార్యాలయంలో అడగండి. పెంపకపు పరికరాలకు ఆ ఏడాది ఏ సాయం ఉందో, మీ షెడ్డుకు ఏ హీటరు సరిపోతుందో అక్కడి సాంకేతిక సిబ్బంది చెబుతారు. వీలైతే ఈ చలికాలం ఒక గదికి, ఒక పంటకు మాత్రమే వాడి చూడండి. ప్రతి రాత్రి ఉష్ణోగ్రత, తేమ, డీజిల్ ఖర్చు ఒక పుస్తకంలో రాయండి. పంట చేతికొచ్చాక గూళ్ల బరువు, పలికిన ధర పక్కన రాసి, డీజిల్ ఖర్చుతో పోల్చి నిర్ణయించుకోండి. ఎన్ని లెక్కలు వేసినా ఒక్క నియమాన్ని మాత్రం సడలించకండి: పొగ షెడ్డులోకి రాకూడదు, గాలి షెడ్డులో ఆగిపోకూడదు.